మరుగుదొడ్డి గుంతయు, ఊరి వాగును

మేము గ్రామములకు పోయినప్పుడు తరచుగా చూచు దృశ్యమొకటి కలదు. ఇంట మరుగుదొడ్డి చక్కగా నుండును. తలుపు, సున్నము, నీటి తొట్టి అన్నియు అమరియుండును. వెనుకకు పోయి చూచినచో సెప్టిక్ ట్యాంకు గొట్టము తిన్నగా వీధి కాలువలో పడుచుండును. ఆ కాలువ వాగును చేరును. దిగువ ఊరివారు వేసవిలో ఆ వాగు ఇసుకలోనే చెలమలు త్రవ్వి నీరు తోడుకొందురు. ఒక ఇంటి శుభ్రత మరియొక ఊరి బిడ్డలకు విరేచనములు, టైఫాయిడ్ తెచ్చినచో దానిని పారిశుద్ధ్యమని యెట్లందుము?

ట్యాంకులో మలము అడుగునకు దిగి కొంతవరకు కుళ్లును. పైకి తేరిన నీరు పలుచగా కనబడినను అందు రోగక్రిములుండును. కావున ఆ నీటిని ఇంకుడు గుంతలోనికే పంపవలెను గాని కాలువలోనికి విడువరాదు.

క్రొత్తగా కట్టుకొనువారికి జంట గుంతల పద్ధతి మేలైనది. గుంతల నడుమ కనీసము ఒక మీటరు ఎడముంచి, గోడలకు రంధ్రములు విడిచి, అడుగున సిమెంటు వేయక కట్టవలెను. ఒకటి నిండగనే దానిని మూసి రెండవదానికి మరలింపవలెను. మూసిన గుంతలోని మలము రెండేండ్లలో వాసనలేని ఎరువగును. మంచినీటి బావికి కనీసము 10 మీటర్ల దూరమున గుంతలుండవలెను. నీరు పైపైననే తగులు నేలలలో ఇంజనీరు సలహా తప్పనిసరి.

ఇక ఖర్చు మాట. 2014 అక్టోబరు 2న ఆరంభమైన స్వచ్ఛ భారత్ మిషన్ క్రింద ఒక్కొక్క ఇంటి మరుగుదొడ్డికి రూ. 12,000 ప్రోత్సాహకము నిర్ణయింపబడినది. మన రాష్ట్రములలో ఇందు కేంద్రము వంతు రూ. 7,200, రాష్ట్రము వంతు రూ. 4,800. పేద కుటుంబములతోపాటు షెడ్యూల్డు కులములు, తెగలవారు, సన్నకారు, చిన్నకారు రైతులు, ఇంటిస్థలముగల భూమిలేని కూలీలు, వికలాంగులు, స్త్రీలే పెద్దలుగా నున్న కుటుంబములవారు దీనికి అర్హులుగా పేర్కొనబడిరి. ఈ సొమ్ము నాలుగు గోడలకే కాదు, గుంతలకు కూడ చేర్చి ఇచ్చినదని ఇంటివారికి తెలుపుడు. పాతవాటి విషయమునను త్రోవ లేకపోలేదు. 15వ ఆర్థిక సంఘము 2021-26 కాలమునకు గ్రామీణ స్థానిక సంస్థల గ్రాంటులో 30 శాతమును పారిశుద్ధ్యమునకు ప్రత్యేకించి, మానవ మలము, ట్యాంకుల బురద నిర్వహణను అందు ముఖ్యముగా చేర్చినది. నేడు వర్తించు నిబంధనలను మండల పరిషత్తు కార్యాలయమున విచారించి అంచనాలు వేయింపుడు.

పంచాయతీ సభ్యులు చేయదగిన పని మూడు విధములు. వానలకు ముందే ఇంటింట తిరిగి కాలువలో పడు గొట్టములను జాబితా వ్రాయుడు. దానిని గ్రామసభ ముందుంచి ఎవరి ఇల్లు ముందో నిర్ణయింపుడు. క్రొత్త మరుగుదొడ్డికి ధ్రువపత్ర మిచ్చుటకు మునుపు గుంతను స్వయముగా చూడుడు. ట్యాంకు నిండినపుడు యంత్రపు లారీని పిలిపింపుడు. ఆ బురదను వాగున కుమ్మరింపనీయకుడు. రక్షణ సాధనములు లేక మనిషిని ట్యాంకులోనికి దింపుట 2013 నాటి చట్టముచే నిషిద్ధము; లోని విషవాయువు ప్రాణములు తీయును.

వాగు ఒక్క ఊరిది కాదు. మన పై ఊరివారు దానిని ఎట్లు కాపాడవలెనని కోరుదుమో, దిగువవారికై మనమును అట్లే కాపాడవలెను.