కళ్లద్దాల మైకన్ – పాత ఆటగాళ్ల పింఛను

మా మనుమడు ఇక్కడ షోలాపూర్‌లో బడి తరఫున బాస్కెట్‌బాల్ ఆడతాడు. ఒకనాడు బుట్ట కింద నిలబడి కుడిచేత్తో ఒకసారి, ఎడమచేత్తో ఒకసారి ఆగకుండా బంతి వేస్తున్నాడు. "ఏందిరా ఇది?" అంటే "మైకన్ డ్రిల్ తాతా" అన్నాడు. మైకన్ అంటే మనిషి పేరంట. నేను మిల్లులో సాంచాలు నడిపినవాణ్ణి, నాలుగో తరగతితోనే బడి మానినవాణ్ణి. మనుమడు చదివి వినిపించిన సంగతులు మీకూ చెప్పాలనిపించింది.

జార్జ్ మైకన్ 1924లో అమెరికాలోని జోలియట్‌లో పుట్టాడు. ఎత్తు 6 అడుగుల 10 అంగుళాలు, కళ్లకు మందపాటి అద్దాలు. అంత పొడుగోళ్లు ఆటకు పనికిరారనుకునే కాలం అది. షికాగోలోని డీపాల్ కాలేజీ కోచ్ రే మేయర్ అట్లా అనుకోలేదు. ఆయనతో తాడు దూకించాడు, డాన్సు నేర్పించాడు, రెండు చేతులతోనూ రోజూ వందలసార్లు బంతి వేయించాడు. మా మనుమడు చేసేది ఆ సాధననే.

తర్వాత మైకన్ మినియాపొలిస్ లేకర్స్ జట్టుకు ఆడి 5 సార్లు ఛాంపియన్‌షిప్ గెలిపించాడు. ఆయన్ని ఆపడానికి నియమాలే మార్చారు. బుట్ట ముందు గీత వెడల్పు 1951లో 6 అడుగుల నుంచి 12 అడుగులు చేశారు. 1950 నవంబర్ 22న ఫోర్ట్ వేన్ జట్టు, మైకన్‌కు బంతి దొరకొద్దని, దాన్ని తమ దగ్గరే పట్టుకొని కూర్చుంది. చివరికి 19–18తో గెలిచింది. చూసేవాళ్లకు విసుగు పుట్టింది. అసొంటి ఆట మళ్లీ జరగకూడదని 1954లో 24 సెకన్లలోపు బంతి వేయాలనే నియమం తెచ్చారు.

ఇంత పేరున్న మనిషికి ముసలితనంలో షుగర్ వచ్చింది. 2000లో ఒక కాలు తీసేశారు. 1965కు ముందు ఆట మానినవాళ్లకు అప్పట్లో పింఛను చాలా తక్కువ ఉండేది. తర్వాత వచ్చినవాళ్లకు కోట్లు. ఆ పాత ఆటగాళ్ల పింఛను పెంచాలని మైకన్ చివరిదాకా కొట్లాడాడు. 2005 జూన్ 1న పోయాడు. అంత్యక్రియల ఖర్చు షకీల్ ఓ'నీల్ అనే అప్పటి ఆటగాడు పెట్టుకున్నాడు.

ఇది విన్నాక నాకు మా మిల్లు యాదికొచ్చింది. ఆటను నిలబెట్టిన మనిషికే అట్లయితే మనమెంత? కానీ ఆయన తన ఒక్కడి కోసం అడగలేదు. మన పింఛను మాట మీటింగులో లేచినప్పుడు, ఇప్పుడు పనిలో ఉన్న పిల్లలు కూడా వచ్చి పక్కన కూర్చోవాలె. రేపు వాళ్లూ ముసలోళ్లయ్యేవాళ్లే.