ఇంట కట్టిన బండికి దారి యేది?

మిరప కోతలు ముమ్మరమైన మాఘ ఫాల్గుణ మాసములలో గుంటూరునుండి ప్రత్తిపాడు మీదుగా పర్చూరు పోవు బాట ప్రక్కన ఒక గడియ నిలుచున్నవారికి మన సేద్యపు జీవనమంతయు కన్నులయెదుట నడచిపోవును. టిక్కీలు అంచుకుమించి పేర్చుకొని యార్డునకు పోవు ట్రాక్టరు ట్రక్కులు, ప్రత్తి బోరెములు ప్రక్కలకు పొంగి వెనుక దీపములను కప్పివేసిన బండ్లు, సందెవేళ కూలిజనమును ఇండ్లకు చేర్చు తొట్లు వరుసగా సాగిపోవుచుండును. వీని నడుమ, పాత మోటారు సైకిలు ముందుభాగమునకు ఇనుప తొట్టి నతికి, వెనుక రెండు చక్రములు తగిలించిన బండ్లును అచ్చటచ్చట అగపడును. ఇట్టివానికి కంపెనీ పేరుండదు. తరచుగా నంబరు పలకయు నుండదు. ఇవి ఏ కర్మాగారమునందును పుట్టినవి కావు. ఊరి వెల్డింగు పాకలో పుట్టినవి. వీనికి చట్టమునందు స్థానమేమి, ఉండవలసిన స్థానమేమి అను ప్రశ్నను నేడు చదువరులయెదుట నుంచుచున్నాము.

బండిని ఇంటనే కట్టుకొనుట మనకు క్రొత్తగాదు. కుండకు ఆకులు దిగగొట్టి, పూటీలు బిగించి, ఎఱ్ఱగా కాల్చిన ఇనుప పట్టాను చక్రమునకు తొడిగి నీళ్లు చల్లి బిగియించిన వడ్రంగి కమ్మరుల పనితనముమీదనే తరతరములుగా ఈ నల్లరేగడి నేలల పంట సంతకు చేరినది. బండి విరిగిన యెడల కట్టినవాడెవడో ఊరంతయు నెఱుగును. ఆ వెరపే అతనికి పరీక్ష. ఎద్దుల నడకకు ఆ పరీక్ష చాలెను. ఇంజను వచ్చినపిమ్మట వేగము పెరిగినది, బరువు పెరిగినది, దారిని పోవు పరాయివాని ప్రాణమును బండివాని చేతిలోనికి వచ్చినది. కావున ప్రభుత్వము నడుమ నిలుచుట అవసరమైనది. మనదేశమున 1914లోను, 1939లోను, 1988లోను మోటారు వాహన చట్టములు వరుసగా పుట్టుటకు కారణమిదియే.

ఇప్పుడు అమలునందున్న 1988 నాటి చట్టము చెప్పునదేమి? రిజిస్ట్రేషను లేని మోటారు వాహనమును బాటపై నడుపరాదని 39వ విభాగము. తయారుచేసినవాడు నిర్ణయించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదని 52వ విభాగము. 1989 నాటి కేంద్ర నియమములలో 126వది ఇంకను ముఖ్యమైనది. దాని ననుసరించి ప్రతి తయారీదారును తన వాహనపు నమూనాను పూనా నగరమందలి ఏ.ఆర్.ఏ.ఐ. వంటి పరీక్షాసంస్థకు సమర్పించి, అది నియమములకు సరిపడినదని పత్రము పొందవలయును. ఒక నమూనాకు పత్రము దొరకిన యెడల దానివంటివి వేలకొలది బండ్లు అమ్ముకొనవచ్చును. కర్మాగారము గలవానికి ఇది సబబైన ఏర్పాటే. ఒక్కటే బండి, అదియు తన పొలము కొఱకే, కట్టుకొన్నవాడు పూనా పోయి ఆ వ్యయము భరించుట ఎట్లు? చట్టము అతనిని వలదని పేరుపెట్టి వారింపలేదు. అతడు ప్రవేశింపగల ద్వారమును మాత్రము నిర్మింపలేదు.

న్యాయస్థానములును ఈ విషయమున కఠినముగనే పలికినవి. ఉత్తరాది పల్లెలలో నీళ్లు తోడు ఇంజనులను చట్రముపై బిగించి నడుపు 'జుగాడ్' బండ్లు మోటారు వాహనములే యనియు, చట్టమునకు లోబడక అవి బాటపై తిరుగరాదనియు 2013లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. తయారీదారుని వివరములకు విరుద్ధముగా మార్చిన వాహనమును రిజిస్టరు చేయరాదని కేరళనుండి వచ్చిన వ్యాజ్యెమున 2019 జనవరిలో అదే న్యాయస్థానము స్పష్టపఱచినది. ఆ యేడే వచ్చిన చట్టసవరణ, అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు అయిదువేల రూపాయల జరిమానా గాని, ఆరునెలలకు మించని ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చునన్నది. ఈ తీర్పులను మేము తప్పుపట్టము. ప్రాణరక్షణమే వాని మూలము.

అయితే ఈ కఠినత్వము మన బాటలపై ఏమి ఫలమిచ్చినదో చూడవలసియున్నది. ట్రాక్టరు కంపెనీది, దాని వెనుక తగిలించు తొట్టి పలుచోట్ల ఊరి పాకలోనిది. తొట్టియు వాహనమే యనియు, దానికిని రిజిస్ట్రేషను వలయుననియు 61వ విభాగము చెప్పుచున్నది. ఆచరణమున ఎన్ని తొట్లకు నంబరున్నదో బాటప్రక్కన నిలిచి చూచిన ఎవ్వరికైనను తెలియును. రిజిస్ట్రేషను లేని దానికి పరీక్ష లేదు, బీమా లేదు. ప్రమాదము జరిగిననాడు ఈ లోపములన్నియు ఒక్కుమ్మడి బయటపడును.

2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా వద్దిపట్లయొద్ద మిరప కోతకు పోవుచున్న కూలీల ట్రాక్టరు కాలువలో పడి తొమ్మండుగురు మరణించిరి. 2023 జూన్‌లో ఈ ప్రత్తిపాడు మండలములోని కొండేపాడునుండి శుభకార్యమునకు బయలుదేరినవారి ట్రాక్టరు వట్టిచెరుకూరు మండలమున బోల్తాపడి పలువురు ప్రాణములు గోల్పోయిరి. 2025 ఫిబ్రవరిలో పల్నాడు జిల్లా ముప్పాళ్ల మండలమున మిరప చేనినుండి మరలివచ్చు కూలీల ట్రాక్టరు తిరగబడి నలుగురు స్త్రీలు మరణించిరి. వీనిలో ఏ తొట్టి ఎట్లు కట్టబడినదో, ఏది ఏ కారణమున పడెనో నిర్ణయించుట మా పని కాదు. సరకు మోయుటకు కట్టిన తొట్టిలో మనుష్యులు ప్రయాణము చేయుచున్నారనునది మాత్రము నిర్వివాదము. అట్టి తొట్టిలో కూర్చున్న కూలికి కీడు మూడినప్పుడు బీమా సంస్థ బాధ్యత వహించుట దుర్లభము. తల్లిని పోగొట్టుకొన్న బిడ్డలు ఆమె కూలి డబ్బులతోపాటు న్యాయముగా రావలసిన పరిహారమునకును సంవత్సరములకొలది ఎదురుచూడవలసి వచ్చును.

ఇందలి యంత్రధర్మమును కొంచెము వివరించుట మంచిది. ట్రాక్టరునకు కుడి యెడమ చక్రములకు వేఱువేఱు బ్రేకులుండును. దుక్కిలో మలుపు తిరుగుటకు అది అనువు. బాటనెక్కినప్పుడు రెండు పెడళ్లను కొక్కెముతో కలిపి బిగింపవలయును. అది మఱచి ఒక్కదానిని త్రొక్కిన యెడల బండి ఒకప్రక్కకు లాగుకొని పోవును. వెనుక తొట్టికి సొంత బ్రేకు లేనిచో, పల్లమున దాని బరువంతయు ట్రాక్టరును ముందునకు నెట్టును. ముందు ఆగినను వెనుకది ఆగక అడ్డము తిరుగును. టిక్కీ యొక్కటి సుమారు నలుబది కిలోలు. వానిని ఎత్తుగా పేర్చినకొలది బరువు పైకి పోయి, బాట అంచున ఒక చక్రము దిగినంతనే తొట్టి ఒరగును. తగిలింపు పిన్ను అరిగినను, ఇరుసు బలము చాలకున్నను, చీకటిలో వెలుగును ప్రతిఫలింపజేయు ఎఱ్ఱపట్టీ లేకున్నను ప్రమాదము కాచుకొనియే యుండును. వీనిలో ఏ లోపమును కనుగొనుటకైనను పూనా పోనక్కఱలేదు. తెలిసిన కన్నును, సుత్తియు, కొలతబద్దయు, బ్రేకును పరీక్షించు యంత్రమును ఉన్న చాలును.

ఇతర దేశములు ఈ చిక్కును ఎట్లు విప్పుకొన్నవి? ఇంగ్లండున పెక్కుమంది భాగములను కిట్టుగా కొని ఇంటి కొట్టములోనే కారును కట్టుకొందురు. 1998లో అచ్చట ఒక్కొక్క వాహనమునకే విడివిడిగా పరీక్ష జరుపు పద్ధతి యేర్పడినది. 2009లో దాని స్థానమున మఱింత నిశితమైన ఏర్పాటు వచ్చినది. కట్టినవాడు తన బండిని పరీక్షాకేంద్రమునకు కొనిపోవును. బ్రేకులు, చుక్కాని, దీపములు, బెల్టు బిగించు తావులు, పొగ, శబ్దము, మనిషిని గాయపఱచు వాడి అంచులు పరీక్షింతురు. తప్పులున్న యెడల జాబితా వ్రాసి యిత్తురు. సవరించి మరల తెచ్చుకొనవచ్చును. గెలిచిన బండికి పత్రము, పత్రమును బట్టి నంబరు. పాత భాగముల వయస్సు తేలని వాహనమునకు 'క్యూ' అక్షరముతో మొదలగు నంబరునిచ్చి, కొనువారికి ఆ సంగతి దాచకుండ చేయుదురు. ఈ పద్ధతిలో సడలింపు లేదు, వచ్చినవానికి ద్వారమున్నది.

మనదేశమున ప్రతిభకు కొఱత లేదు. భాగ్యనగరమున కన్యాబోయిన సుధాకర్ గారు తమ చేతులతో కట్టిన వింత వింత కార్లు ప్రదర్శనశాలకెక్కినవి. వారి మహా త్రిచక్రికి 2005లో గిన్నెసు గుర్తింపు లభించినది. 2021లో మహారాష్ట్రమున సాంగ్లి జిల్లా గ్రామస్థుడొకడు పాత ఇనుముతో నాలుగు చక్రముల బండిని కట్టగా, ఆనంద్ మహీంద్రా గారు దానిని మెచ్చుకొని, నియమములకు సరిపడదు గావున అధికారులు ఎన్నడో దానిని ఆపివేయుదురని చెప్పి, బదులుగా క్రొత్త బొలెరో నిత్తుమనిరి, 2022లో ఇచ్చిరి. ఔదార్యము శ్లాఘనీయమే. అయినను పనిమంతుని బండి చేరుకొనగలిగినది ప్రదర్శనశాలయో, దాత వాకిలియో తప్ప పరీక్షాకేంద్రము కాకపోవుట ఆలోచింపదగిన విషయము.

తలుపు తీసిన యెడల అడ్డమైన బండ్లన్నియు బాటనెక్కునని కొందఱు ఆక్షేపింపవచ్చును. అవి ఇప్పుడే బాటపై నున్నవి గదా! తలుపు మూసియుండుటవలన అవి ఆగలేదు. అధికారి కంటికి మాత్రము మఱుగైనవి. వాహనములలో గ్యాసు కిట్లను బిగించుటకు ఆమోదించిన కిట్టును, గుర్తింపు పొందిన బిగింపుశాలను నియమములు ఇదివఱకే అంగీకరించుచున్నవి. ఆ సూత్రమునే మఱికొంత విస్తరింపుడని మేము కోరుచున్నాము.

మా సూచనలు నాలుగు. మొదటిది: పల్లెపాకలలో కట్టు ట్రాక్టరు తొట్టికి ప్రభుత్వమే ఆమోదిత నమూనా చిత్రములను తెలుగున అచ్చువేయించి ఉచితముగా పంచవలయును, ఇరుసు మందము, తగిలింపు పిన్ను, బ్రేకు, దీపములు, ఎఱ్ఱపట్టీలు అందు నిర్ణయింపబడవలయును, కట్టిన పాక పేరును, సంవత్సరమును తొట్టిపై చెక్కబడవలయును. రెండవది: 2021 నాటి నియమములననుసరించి నెలకొల్పబడుచున్న యాంత్రిక పరీక్షాకేంద్రములలో వారమునకొక దినము ఒంటి బండ్ల పరీక్షకు కేటాయింపవలయును; గెలిచినవానికి వేగపరిమితి, సంచారపరిమితి విధించి నంబరు నొసగవలయును. మూడవది: పాత తొట్లను తామై తెచ్చి చూపుకొనువారికి కొంత గడువువఱకు జరిమానా మినహాయింపవలయును, గడువు దాటినపిమ్మట ఉపేక్ష కూడదు. నాలుగవది: కోతల కాలమున కూలీల ప్రయాణమునకు బస్సులను గాని తగిన వాహనములను గాని ఏర్పఱుపవలయును. ఎంత చక్కగా కట్టినను తొట్టి తొట్టియే. అది మనుష్యులు ఎక్కదగినది కాదు.

రైతు సోదరులకును ఒక మాట. ఈ ప్రాంతపు పెద్దలు 1921-22లో పెదనందిపాడు ఫిర్కాలో పన్ను చెల్లింపమని పరప్రభుత్వమునెదుట నిలిచి చరిత్రకెక్కిరి. అది మన సమ్మతిలేక విధింపబడిన శాసనము. నేటి చట్టము మనము పంపిన ప్రతినిధులు చేసినది; దానిలో లోపమున్న యెడల సవరింపుమని అడుగుట మన హక్కు, అది సవరింపబడువఱకు తొట్టికి బ్రేకును, దీపమును అమర్చుకొనుట మన ధర్మము. ఎఱ్ఱపట్టీ వెల కిలో మిరపకాయల వెలకు మించదు.

ఈ యేటి కోతలకు తెల్లవారుజామున బయలుదేరు తల్లులు సందెకు క్షేమముగా ఇల్లు చేరవలయును. అందుకై రవాణాశాఖవారు ఈ ద్వారమును తెఱచుటకు ఇంకొక ప్రమాదము జరుగువఱకు వేచియుండరని ఆశించుచున్నాము.