సెల్ ఫోను వాడరాని తావులు

పెట్రోలు బంకులలోను, ఆసుపత్రులలోను ‘సెల్ ఫోను వాడరాదు’ అను పలకలను మీరు చూచియుందురు. ఆ నిషేధమునకు కారణమేమి?

మ్రోగని ఫోను మౌనముగా నున్నదని మనము తలంతుము. అది పొరపాటు. జేబులో నున్నను అది అప్పుడప్పుడు సమీపమందలి టవరునకు రేడియో తరంగముల ద్వారా తన యునికిని తెలుపుచునే యుండును.

గుండె లయ తప్పిన కొందరికి వైద్యులు రొమ్ముపై చర్మము క్రింద పేస్‌మేకరు అను చిన్న యంత్రము నమర్తురు. అది గుండెలోని స్వల్ప విద్యుత్ సంకేతములను కనిపెట్టుచు, గుండె మందగించినపుడు దానిని ప్రేరేపించును. ఫోను మిక్కిలి చేరువనున్నచో, దాని తరంగముల వలనను, లోపలి అయస్కాంతముల వలనను ఆ యంత్రము పొరబడవచ్చును. నేటి యంత్రములకు రక్షణ కలదు. దూరము పెరిగినకొలది తరంగబలమును తగ్గును. అయినను 6 అంగుళముల ఎడముండుట క్షేమము. అట్టి తాతగారు ఫోనును చొక్కా జేబులో నుంచుకొనినచో, వినయముతో వారికి చెప్పుడు.

పెట్రోలు బంకు సంగతి వేరు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలబారున వ్యాపించి, చిన్న నిప్పురవ్వకే భగ్గుమనును. ఫోను తరంగముల వలన మంట పుట్టుట దుర్లభము. స్థిరవిద్యుత్తు వలన పుట్టు రవ్వయే అధిక భయంకరము. కాని దెబ్బతిన్న బ్యాటరీయు రవ్వలు రాల్చవచ్చును. మాటలలో పడినవాడు ఏమరియుండును. కావున సొమ్ము చెల్లించుటకైనను పంపునకు దూరముగా జరిగియే ఫోను తీయవలెను.

కారణ మెరిగినవాడు పలక లేనిచోటను తానే జాగ్రత్తపడును.