మూడు బిళ్ళలు వేసినా దిగని బీపీ

మా అత్తయ్యకి బీపీ బిళ్ళలు మూడు. పొద్దున రెండు, రాత్రి ఒకటి. అయినా ఏ నెల చూపించినా పైది 170కి తగ్గేది కాదు. "ఒకటి కాస్తా మూడయినాయి. ఇంక నా పని అయిపోయినట్టేలే అమ్మాయ్" అని ఒకటే దిగులు. దుత్తలూరులో మా వీధిలో అందరి మాటా అదే. బిళ్ళలు పెరిగితే రోగం ముదిరిందని, లేదంటే మందుల షాపు కోసం డాక్టరు రాస్తున్నాడని!

నేనూ అలాగే అనుకునేదాన్ని. మాకు చూసే డాక్టరుగారు ఓపిగ్గా చెప్పాక గాని అర్థం కాలేదు. బీపీ ఒక దారిన పెరగదు. రక్తనాళాలు బిగుసుకుంటాయి. కిడ్నీల దగ్గర మొదలయ్యే హార్మోన్లు వాటిని మరీ బిగిస్తాయి. ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోతాయి. మొదటిదానికి ఆమ్లోడిపిన్, రెండోదానికి టెల్మిసార్టాన్, మూడోదానికి క్లోర్థాలిడోన్ లాంటి నీళ్ల బిళ్ళ. ఒక దారి మూస్తే ఒళ్ళు ఇంకో దారి వెతుక్కుంటుంది. అందుకే ఒకే మందు మోతాదు రెట్టింపు చేసేకంటే వేరే రకం మందు కలిపితే అదనంగా తగ్గే బీపీ దాదాపు అయిదింతలని, 42 పరిశోధనలను కలిపి చూసి 2009లో తేల్చారు. పైగా ఆమ్లోడిపిన్ మోతాదు పెంచితే పాదాలు వాస్తాయి. టెల్మిసార్టాన్ తోడైతే ఆ వాపూ తగ్గుతుంది.

మన దేశంలోనే దాదాపు 2,000 మందితో జరిగిన 'టాప్‌స్పిన్' పరిశోధన ఫలితాలు 2025లో వచ్చాయి. రెండేసి మందులు కలిపిన మూడు రకాల బిళ్ళలిచ్చి చూస్తే మూడూ సమానంగానే పనిచేశాయట. నూటికి 70 మందికి బీపీ 140/90 లోపుకి వచ్చింది.

నీళ్ల బిళ్ళతో సహా మూడు రకాల మందులు సరైన మోతాదులో వాడినా బీపీ ఈ గీత దిగకపోతే దాన్ని మొండి బీపీ అంటారు. ఆ 'వాడినా' అన్న మాట దగ్గరే ఉంది మా ఇంటి కథ.

నాలుగో మందు రాయబోతూ డాక్టరుగారు ఆగి, "ఇంట్లో ఉన్న బిళ్ళలన్నీ సంచిలో వేసుకు రండి" అన్నారు. తెచ్చి బల్లమీద పోస్తే నీళ్ల బిళ్ళల అట్టలు రెండు విప్పకుండానే ఉన్నాయి! ఏందత్తయ్యా ఇది అంటే తల దించుకుంది. "నిమ్మతోటకి పొయ్యేదాన్ని, ఆత్మకూరు బస్సెక్కేదాన్ని. దోవలో ఒంటికొస్తే ఆడమనిషిని యాడ కూచునేది?"

డాక్టరుగారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "తోట నుంచి వచ్చాక సాయంత్రం నాలుగింటికి వేసుకోండమ్మా" అన్నారు. ఇంత చిన్న సంగతి ఇంట్లో ఉండి నేను కనుక్కోలేకపోయానే అని నాకు సిగ్గేసింది.

సంచిలోంచి ఇంకోటీ బయటపడింది. మోకాళ్ళ నొప్పులకి షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్. ఇది ఒంట్లో ఉప్పూ నీరూ నిలిపి బీపీని పెంచుతుంది, బీపీ మందుల్ని సరిగా పనిచేయనివ్వదు, కిడ్నీలకీ చేటే. ఉదయగిరి వైపు మెట్ట ఊళ్ళలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. కీళ్ళనొప్పులు లేనివాళ్లు తక్కువ, నొప్పి బిళ్ళలు లేని ఇల్లూ తక్కువే. ఇక ఉప్పు రోజంతా కలిపి ఒక చెంచాకి, అంటే 5 గ్రాములకి మించకూడదంటారు. ఆవకాయ లేకుండా ముద్ద ఎలా దిగుతుందో నాకే తెలియదు, కాబట్టి ఇందులో నేను నీతులు చెప్పను.

ఇవన్నీ సరిచూసినా దిగని బీపీకి నాలుగో మందుగా స్పిరనోలాక్టోన్ బాగా పనిచేస్తుందని 2015లో బ్రిటన్‌లో తేలింది. అయితే అది రక్తంలో పొటాషియం పెంచుతుంది. రక్తపరీక్ష చేయించకుండా, పక్కింటావిడకి తగ్గిందని మనం మింగే మందు కాదు. అలాగే పిల్లల కోసం చూస్తున్న అమ్మాయిలు టెల్మిసార్టాన్ వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి. కడుపులో బిడ్డకి అది మంచిది కాదు.

రెండు నెలలకి అత్తయ్య బీపీ 138/84. నాలుగో మందు అవసరం పడలేదు. ఆత్మకూరు పొయ్యే రోజు మాత్రం వాకిట్లో నిలబడి అడుగుతుంది, "ఈ రోజు ఎప్పుడు మింగమంటావమ్మాయ్?" అని.