శాస్త్ర పత్రికల ప్రచురణ రుసుము

హోటలులో భోజనము చేసినవారు సొమ్ము చెల్లించెదరు. పెండ్లి పందిరిలో భోజనము చేసినవారు చెల్లించరు. అంతమాత్రమున ఆ భోజనమునకు ఖర్చు కాలేదని కాదు. దానిని పెండ్లివారు భరించుచున్నారు. శాస్త్ర పత్రికలు కూడ ఈ రెండు విధములుగనే నడచుచున్నవి.

1665లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ లండనులో 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' అను పత్రికను ప్రారంభించెను. తరువాతి కాలమున ఇట్టి పత్రికల ఖర్చు ముఖ్యముగా చందాదారులపైనను, గ్రంథాలయములపైనను పడుచు వచ్చినది. చందాలు పెరిగిన కొలది, నిధులు చాలని కళాశాలలకు పత్రికలు అందకుండ పోయినవి. పరిశోధన వ్యాసములు ఇంటర్నెట్టులో అందరికిని ఉచితముగ లభింపవలెనని 2002 ఫిబ్రవరిలో వెలువడిన బుడాపెస్టు ప్రకటన కోరినది. ఈ విధానమునకే ఓపెన్ యాక్సెస్ అని పేరు.

చదువరికి ఉచితమైనను, వ్యాసములను పరిశీలింపజేయుట, దిద్దుట, పుటలు కూర్చుట, భద్రపరచుట అను పనులకు ఖర్చు తప్పదు గదా! ఆ ఖర్చును వ్యాసకర్తనుండి రాబట్టుటయే ప్రచురణ రుసుము. 2003లో ఆరంభమైన 'ప్లాస్ బయాలజీ' వ్యాసమునకు 1,500 డాలర్లు పుచ్చుకొనెను. 2021లో 'నేచర్' పత్రిక 9,500 యూరోలు నిర్ణయించెను. నాటి మారకమున అది 8 లక్షల రూపాయలకు పైమాట. మన దేశమున 2023లో జూనియర్ రిసర్చి ఫెలోకు నిర్ణయమైన నెలసరి వేతనము 37,000 రూపాయలు. ఆ లెక్కన ఒక్క వ్యాసపు రుసుము రమారమి రెండేండ్ల వేతనము! పాఠకునికి తెరచిన తలుపు వ్యాసకర్తకు మూసికొనునేమో యను భయము ఇచ్చటనే కలుగుచున్నది.

దీనికి ఉపాయములు లేకపోలేదు. మొదటిది, రుసుమెంతయో వ్యాసము పంపుటకు ముందే తెలిసికొనుట. పరిశోధనకు ధనసహాయము కోరునపుడే ఈ పద్దును చేర్చుట మేలు. రెండవది, తమ సంస్థకు ప్రచురణకర్తతో ఒప్పందము గలదేమో గ్రంథాలయాధికారిని అడుగుట. మూడవది, మినహాయింపు కోరుట. పలువురు ప్రచురణకర్తలు బీదదేశముల వారికి రుసుము పూర్తిగ తగ్గించెదరు. ఆ జాబితాలలో సాధారణముగ భారతదేశము ఉండదు. కనుక మనవారు తమ పరిస్థితిని ముందుగనే వ్రాసి అడుగవలెను.

నాల్గవ ఉపాయము చాలమందికి తెలియదు. చందాతో నడచు పత్రికలలో అనేకము రుసుము లేకుండగనే వ్యాసమును ప్రచురించును. పిదప పత్రిక నియమముల మేరకు, అంగీకృతమైన ప్రతిని సంస్థ భాండాగారమున ఉంచి అందరికిని అందింపవచ్చును. తమ ధనసహాయముతో జరిగిన పరిశోధనల వ్యాసములను ఇట్లు ఉంచవలెనని కేంద్ర ప్రభుత్వపు బయోటెక్నాలజీ, సైన్సు-టెక్నాలజీ శాఖలు 2014లో విధించినవి.

గ్రంథాలయములు కలసి భరించు పద్ధతియు గలదు. సెర్న్ సంస్థ ఆధ్వర్యమున 2014లో ఆరంభమైన 'స్కోప్ త్రీ' అను ఏర్పాటు ఇట్టిదే. అందుచేరిన పత్రికలలో కణభౌతిక శాస్త్ర వ్యాసములకు వ్యాసకర్త పైకము కట్టనక్కరలేదు.

ఒక హెచ్చరిక. పరిశీలన లేకయే నాలుగు దినములలో అచ్చువేయుదుమని, సొమ్ము పంపుడని ఉత్తరములు వ్రాయువారు గలరు. వారివలన ధనమును పోవును, పేరును పోవును. రుసుము హెచ్చైనంత మాత్రమున వ్యాసము గొప్పది కాదు. రుసుము లేనంత మాత్రమున తక్కువది కాదు. వ్యాసపు విలువ అందలి సత్యములోనే యున్నది.