రెక్కలు లేని చదును నల్లులు

చదును నల్లులు హెమిప్టెరా క్రమంలో అరాడిడే కుటుంబానికి చెందిన కీటకాలు. ఇవి ఎండిన చెట్ల బెరడు కింద, కుళ్ళిన దుంగలమీద, రాలిన ఆకుల నడుమ నివసిస్తాయి. ఎక్కువ జాతులకు శిలీంధ్రాలే ఆహారం. ప్రపంచంలో సుమారు 2,000 జాతులు గుర్తింపబడ్డాయి. వీటిలో అనేక ప్రజాతులకు రెక్కలు బొత్తిగా ఉండవు.

అయితే రెక్కలు లేకపోవడం చూసి ప్రజాతిని నిర్ణయించరాదు. కార్వెంటినే, మెజిరినే వంటి ఉపకుటుంబాలలో రెక్కలు విడివిడిగా, పలుమార్లు లోపించాయి. కనుక పైకి ఒకేలా కనిపించే రెండు పురుగులు దగ్గరి బంధువులు కానక్కరలేదు.

'''ఇంటి నల్లితో భేదం'''

వంటచెరకుతో ఇంటికి చేరిన చదును నల్లిని మంచపు నల్లిగా పొరబడే అవకాశం ఉంది. మంచపు నల్లి పాదంలో మూడు ఖండాలుంటాయి, చదును నల్లికి రెండే. చదును నల్లి పీల్చే సూదులు శరీరం కంటే పొడవైనవి కావచ్చు. అవి తలలో గడియారపు స్ప్రింగువలె చుట్టుకొని ఉంటాయి. రక్తం దీని ఆహారం కాదు.

'''శాబకంతో భేదం'''

శాబకాలకు కూడా రెక్కలుండవు. ఉదరం చివర జననాంగాలు పూర్తిగా ఏర్పడి ఉంటేనే అది ప్రౌఢజీవి. రెక్కలు గల జాతుల పెద్ద శాబకాలలో రెక్కల మొగ్గలు కనబడతాయి.

'''ప్రజాతి లక్షణాలు'''

శరీరంపై మట్టి పేరుకొని ఉంటే ముందుగా మెత్తని కుంచెతో శుభ్రం చేయాలి. పిదప భూతద్దంతోగాని సూక్ష్మదర్శినితోగాని ఇవి పరిశీలించాలి:

* తల ఆకారం, కళ్ళ వెనుక బుడిపెలు, నాలుగు ఖండాల స్పర్శశృంగాలలో ఏ ఖండం ఎంత పొడవు
* తుండం మొదలయ్యే గుంట తెరచి ఉన్నదా, సన్నని చీలికవలె మూసుకొని ఉన్నదా
* ఉరఃఖండాలు, ఉదరపు మొదటి పలకలు ఏ మేరకు కలిసిపోయాయి. వాటిపై గట్లు, గుంటల అమరిక
* ఉదరపు శ్వాసరంధ్రాలు అడుగున ఉన్నాయా, అంచున ఉండి పైనుండి కనబడుతున్నాయా

చివరి లక్షణం చాలా ముఖ్యమైనది. అందుచేత నమూనాను వెల్లకిల తిప్పి కూడా చూడాలి. పైభాగపు ఛాయాచిత్రం ఒక్కటే చాలదు.

'''నల్లమలలో అన్వేషణ'''

నంద్యాల, ఆళ్లగడ్డలకు తూర్పున ఉన్న నల్లమల ప్రధానంగా ఆకురాల్చే అడవి. రెక్కలు లేని ప్రజాతులు తడి అడవులలో ఎక్కువ. కాబట్టి ఇక్కడ అహోబిలం వద్ద భవనాశి వాగు లోయ వంటి తేమగల చోట్ల పడిపోయిన దుంగల అడుగుభాగం పరిశీలించదగినది. దుంగను చూచిన పిమ్మట యథాస్థానంలో ఉంచాలి. అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేనిదే నమూనాలు సేకరించరాదు.

'''అధ్యయన చరిత్ర'''

భారతదేశపు నల్లి జాతులను డబ్ల్యు. ఎల్. డిస్టెంట్ 20వ శతాబ్దం తొలినాళ్ళలో గ్రంథస్థం చేశాడు. ఈ కుటుంబపు ప్రజాతుల వర్గీకరణను ఉసింగర్, మత్సుదా 1959లో సమగ్రంగా ప్రచురించారు.