బిందె నిండడానికి ఎంతసేపు?

సోమవారం తెల్లవారుజామున అయిదున్నర. మా వీధి చివరి కుళాయికి ట్యాప్ ఊడిపోయి చాన్నాళ్లయింది. పైపు మూతి నుంచి మంచినీళ్లు ధారగా కారి, పక్కనున్న మురుగు కాలువలో కలుస్తున్నాయి. బిందె చంకన పెట్టుకుని వచ్చిన ఒక పెద్దావిడ అక్కడే నిలబడ్డ మా వార్డు కౌన్సిలర్‌ను చూసి, "ఎన్నిసార్లు చెప్పాలమ్మా, నీళ్లన్నీ వృథాగా పోతున్నాయి" అన్నారు. కౌన్సిలర్ బదులు చెప్పకుండా, "పిన్నిగారూ, మీ బిందె ఒక్కసారి ఇలా పెట్టండి" అని ఫోన్‌లో టైం చూశారు. పదిహేను లీటర్ల స్టీలు బిందె సరిగ్గా నిమిషంలో నిండింది.

మా వీధికి పొద్దునో గంట, సాయంత్రం ఓ గంట నీళ్లు వస్తాయి. అంటే 120 నిమిషాలు. నిమిషానికి 15 లీటర్ల చొప్పున రోజుకు 1,800 లీటర్లు. భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు, లేనిచోట 70 లీటర్లు ఇవ్వాలని కేంద్ర ప్రమాణాలు చెబుతాయి. మాది భూగర్భ డ్రైనేజీ లేని ఊరు. కాబట్టి ఆ ఒక్క కుళాయి దగ్గర రోజూ పాతికమందికి సరిపడా నీళ్లు కాలువ పాలవుతున్నాయి. నెలకు 54,000 లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లయితే పదికి పైనే.

కౌన్సిలర్ ఈ లెక్కంతా చిన్న నోటుబుక్కులో రాసుకున్నారు. సోమవారం మున్సిపల్ ఆఫీసులో అర్జీలు తీసుకునే రోజు. "కుళాయి కారుతోంది" అన్న ఫిర్యాదు అంతకుముందే రెండుసార్లు వెళ్లిందట. ఈసారి "రోజుకు 1,800 లీటర్లు" అని వెళ్లింది. మధ్యాహ్నం మూడింటికి ఫిట్టర్ వచ్చి ట్యాప్ బిగించి పోయాడు.

ఒక వారం మా కౌన్సిలర్ వెంట తిరిగాక నాకు బాగా అర్థమైన సంగతి ఇదే. కౌన్సిలర్ చేతిలో డబ్బు సంచి ఉండదు. ఉండేవి కళ్లు, నోరు. ఆ నోటికి ఒక అంకె తోడైతే పని కదులుతుంది.

డబ్బు ఎందుకు ఉండదో కూడా చెప్పుకోవాలి. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘాలకు అయిదేళ్ల పదవీకాలాన్ని ఖాయం చేసింది. పన్నెండో షెడ్యూలులో 18 బాధ్యతలను పేర్కొంది. పట్టణ ప్రణాళిక, రోడ్లు, మంచినీళ్లు, పారిశుధ్యం, వీధి దీపాలు, పార్కులు మొదలుకొని శ్మశానాలు, బందెలదొడ్ల దాకా అన్నీ అందులో ఉన్నాయి. అయితే వాటిలో ఏవి, ఎంతమేరకు అప్పగించాలన్నది రాష్ట్రాల ఇష్టం. డబ్బు సంగతీ అంతే. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి సిఫార్సు చేసిన గ్రాంట్లలో, పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు వచ్చేదానిలో 60 శాతాన్ని ముందే ముడివేశారు. సగం తాగునీటికి, సగం పారిశుధ్యానికి. మిగిలిన 40 శాతం మీదే అన్ని వార్డుల చూపూ. కౌన్సిలర్ సొంతంగా ఒక్క బల్బు కొనమని కూడా ఉత్తర్వు ఇవ్వలేరు. నెలకోసారి జరిగే కౌన్సిల్ సమావేశంలో అడగాలి, ఎజెండాలో పెట్టించాలి, తీర్మానం చేయించాలి, ఆ తర్వాత కమిషనర్, ఇంజినీర్ల వెంటపడాలి.

అలాగని ఇది చిన్న పదవి అనుకోకండి. ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన టంగుటూరి ప్రకాశం గారి ప్రజాజీవితం రాజమహేంద్రవరం పురపాలక సంఘంలోనే మొదలైంది.

మంగళవారం మురుగు కాలువలు. మా రెండో వీధి కాలువ వెడల్పు 45 సెంటీమీటర్లు, లోతు 60. వంద మీటర్ల పొడవులో 27,000 లీటర్లు పడుతుంది. కౌన్సిలర్ ఒక కర్ర ముంచి చూస్తే సగం దాకా బురదే. ఇక మిగిలింది 13,500 లీటర్ల చోటు. అదే వీధి ఆరు మీటర్ల వెడల్పు. అయిదు సెంటీమీటర్ల వాన కురిస్తే ఆ వంద మీటర్ల రోడ్డు మీద పడే నీళ్లే 30,000 లీటర్లు, ఇంటి కప్పుల మీది నుంచి దిగేవి వేరే. కాలువలో నీళ్లు నిలవవు, పారతాయి కాబట్టి లెక్క ఇంత సూటిగా ఉండదు, నిజమే. కానీ సగం పూడిన కాలువ సగం నీళ్లే మోస్తుంది. మిగతావి గడప ఎక్కుతాయి.

పూడిక తీయడం కంటే తీసిన పూడికను ఎత్తడం పెద్ద పని. పారిశుధ్య కార్మికులు నడుము విరిగేలా తోడి గట్టున పోస్తారు. అది ఆరే వరకు రెండు మూడు రోజులు ఆగాలి, ఆపైన ట్రాక్టర్ రావాలి. ఈలోగా ఒక్క వాన పడితే మొత్తం తిరిగి కాలువలోకే. కౌన్సిలర్ ఆ రోజు పూడిక తీసిన ప్రతిచోటా తేదీ రాసుకున్నారు, మూడో రోజు ట్రాక్టర్ కోసం ఫోన్ చేయడానికి. మా వార్డులో ఈ సంవత్సరం చూసిన మంచి పనుల్లో దీన్ని ముందు చెబుతాను.

బుధవారం, గురువారం ఎక్కువగా కాగితాల పని. ఒక బాలింత తల్లి వచ్చి మనవడి జనన ధ్రువపత్రం గురించి అడిగారు. పుట్టిన 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. దాటితే రుసుము, ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు దాకా తిరగాలి. 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి బడిలో చేర్చడం నుంచి పాస్‌పోర్టు వరకు పుట్టిన తేదీకి ఆ పత్రమే ఆధారం. ఇంటి పన్ను మీద ఇంకొకాయన గొడవ. ఏప్రిల్ 30లోగా ఏడాది పన్ను మొత్తం కడితే 5 శాతం రాయితీ. కట్టకుండా వదిలేస్తే నెలకు 2 శాతం వడ్డీ. రెండు వేల బకాయికి నెలకు 40 రూపాయలు, ఏడాదికి 480. బ్యాంకు అప్పు కంటే ఇది ఖరీదు.

గురువారం సాయంత్రం ఒక పిల్లవాణ్ని కుక్క కరిచింది. వాళ్లమ్మ గాయానికి పసుపు అద్దబోతుంటే కౌన్సిలర్ ఆపి, కుళాయి కింద సబ్బుతో కడిగించారు. పావుగంట కడగాలి, గడియారం చూసి మరీ. ఆ పదిహేను నిమిషాలు టీకాతో సమానంగా ముఖ్యం. తర్వాత ప్రభుత్వాసుపత్రి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో కరిచిన రోజు మొదటి మోతాదు, ఆపైన 3, 7, 28వ రోజుల్లో. నాలుగోదానికి చాలామంది వెళ్లరు, గాయం మానిపోయింది కదా అని. దయచేసి వెళ్లండి.

ఈ వారంలో నేను అన్నిటికంటే ఎక్కువ నేర్చుకున్నది శుక్రవారం. మా దగ్గర శుక్రవారం డ్రై డే, అంటే ఇళ్లలో నిల్వ ఉన్న నీళ్లు పారబోసే రోజు. ఏఎన్ఎం, శానిటేషన్ కార్యదర్శి, కౌన్సిలర్ ఇంటింటికీ తిరిగారు. ఒక ఇంట్లో ఫ్రిజ్ వెనక ట్రే లాగారు. అరచెయ్యంత నీళ్లు, అందులో బియ్యపు గింజకంటే సన్నగా పదీ పన్నెండు లార్వాలు, తోక పైకి పెట్టి తలకిందులుగా వేలాడుతున్నాయి. చేతి నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి దిగిపోయాయి. ఆ ఇంటాయన నమ్మలేకపోయారు. ఆయనే రెండు రోజుల ముందు ఫాగింగ్ చేయించండని కౌన్సిలర్‌కు ఫోన్ చేశారు.

వారానికి ఒకసారే ఎందుకంటే, డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేసరికి మన వేడిలో ఏడు నుంచి పది రోజులు పడుతుంది. ఏడో రోజు నీళ్లు పారబోస్తే ఎగరకముందే పోతుంది. ఒక్క వారం తప్పితే ఒక తరం బయటికి వచ్చినట్టే. ఫాగింగ్ పొగకు ఎగిరే దోమలే చస్తాయి, నీళ్లలో ఉన్నవాటికి ఏమీ కాదు. పైగా ఏడిస్ పగలు కుడుతుంది, పుట్టినచోటు నుంచి సాధారణంగా 400 మీటర్లకు మించి పోదు. మీ ఇంట్లో ఎవరికైనా డెంగీ వచ్చిందంటే దోమ ఊరి చివరి చెరువు నుంచి రాలేదు. బహుశా మీ వీధిలోనే ఎక్కడో తొట్టిలో పుట్టి ఉంటుంది. ఇంకో మాట. పారబోస్తే సరిపోదు. గుడ్లు నీటి అంచుకు పైన గోడకు అంటుకుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. కొబ్బరి పీచుతో రుద్ది కడిగితేనే పోతాయి.

మా కౌన్సిలర్ ఆరోజు 62 ఇళ్లు తిరిగి, 9 ఇళ్లలో లార్వా ఉన్నట్టు రాసుకున్నారు. వచ్చే శుక్రవారం ముందు ఆ తొమ్మిదికే వెళతానన్నారు. ఏడిళ్లలో ఒకదానిలో లార్వా ఉందన్నమాట. ఈ అంకె చేతిలో ఉంటే, వార్డులో డెంగీ కేసులు వచ్చేదాకా ఆగక్కర్లేదు.

శనివారం వీధి దీపాలు. రాత్రి ఎనిమిదికి నడిస్తే తప్ప వెలగని దీపం తెలియదు. "మా వీధిలో లైట్లు లేవు" అంటే లైన్‌మన్ ఎక్కడని వెతుకుతాడు? ప్రతి స్తంభానికీ నంబరు ఉంది. ఆవిడ పుస్తకంలో ఆ రాత్రి నాలుగు నంబర్లు ఎక్కాయి.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే వ్యాసం పూర్తికాదు. ఆంధ్రప్రదేశ్‌లో పురపాలక సీట్లలో సగం మహిళలకు కేటాయించారు, రాజ్యాంగం అడిగింది మూడో వంతే అయినా. కానీ చాలా వార్డుల్లో సంతకం ఆమెది, పెత్తనం భర్తది. ఫోన్ ఆయన ఎత్తుతాడు, మీటింగులో వెనక కూర్చుని ఆయన సైగ చేస్తాడు. ఇది ఓటు వేసిన మనల్ని మోసం చేయడమే. మనమూ "సార్‌తో చెబుతాం" అనడం మానాలి. గెలిచింది ఆవిడ, ఆవిడనే అడగాలి.

ఆదివారం ఆమె ఇంట్లోనే ఉన్నారు. మధ్యాహ్నంలోపు పదిహేడు ఫోన్లు వచ్చాయి. పదిహేడింటిలో వీధి పేరు, ఇంటి నంబరు చెప్పినవి ఆరే.

ఈ శుక్రవారం మీ ఫ్రిజ్ వెనక ట్రే లాగి చూడండి. కుళాయి కారుతుంటే కింద బిందె పెట్టి ఎన్ని నిమిషాల్లో నిండిందో చూడండి. దీపం వెలగకపోతే స్తంభం మీది నంబరు రాసుకోండి. కౌన్సిలర్‌కు ఫోన్ చేసినప్పుడు ముందుగా ఆ అంకే చెప్పండి.